ఏడో ఫిల్టర్ బరువు

గాలిని తూచడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే పెళ్ళి పందిట్లో పక్కన కూర్చున్నవాళ్ళు మెల్లగా వేరే కుర్చీ చూసుకునేవారు. అయినా నేను చేసింది అదే. వేలూరులోనూ గుడియాత్తంలోనూ మేడల మీద యంత్రాలు పెట్టి, గాలిలో సన్నని దుమ్ము ఎంతుందో కొలిచి, ఆ అంకెను పైవాళ్ళకు పంపాను. సన్నని దుమ్ము అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండేది. కంటికి కనపడే దుమ్ము ముక్కులో ఆగిపోతుంది, దాని మీద జనం అర్జీలు పెడతారు. కనపడనిది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, దాన్నెవరూ అడగరు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు శిక్షణలో యంత్రాన్ని ఎలా నడపాలో చూపిస్తారు. అది ఎప్పుడెప్పుడు తప్పు చెబుతుందో చూపించరు. నడిపేవాడు ఎప్పుడు తప్పు చేస్తాడో అసలే చూపించరు. ఈ రెండూ రాసిపెడదామని కూర్చున్నాను.

మాది పరదరామి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నాకు ఏ పంతులూ నేర్పలేదు. వేలూరు గ్రంథాలయంలో ఒక మూల తెలుగు బీరువా ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని ముందు నిలబడి, పిల్లల వాచకంతో మొదలుపెట్టి నేర్చుకున్నాను. చదువు పన్నెండో తరగతితో ఆగింది. వెలుతురు దుమ్ము మీద పడి ఎలా చెదురుతుందో, ఆవిరి ఎప్పుడు మంచవుతుందో, అన్నీ అక్కడినుంచి తెచ్చుకుని గడువులోపల తిరిగి ఇచ్చిన పుస్తకాల్లోనివే. మా ఇంజనీర్లు మరచిపోయినవి కొన్ని నాకు గుర్తుండేవి. వాళ్ళు పరీక్ష కోసం చదివారు, పరీక్ష అయిపోయింది. నాకు పరీక్షే లేదు కాబట్టి ఫలానా రోజున మరచిపోవచ్చని ఎవరూ చెప్పలేదు.

తూకం గది

మా పాత యంత్రాన్ని శాంప్లర్ అంటారు. నిలువెత్తు కాళ్ళ మీద ఒక పెట్టె, పైన టోపీ లాంటి మూత. లోపలి పంపు రోజంతా గాలిని పీల్చి ఒక గుండ్రటి తెల్లని ఫిల్టర్ గుండా పోనిస్తుంది. లావు దుమ్ము దారిలోనే ఒక పళ్ళెం మీద అంటుకుని ఆగిపోతుంది. సన్నది ఫిల్టర్ దాకా వస్తుంది. ఆ ఫిల్టర్‌ను ముందొకసారి, తరువాత ఒకసారి తూచాలి. పెరిగిన బరువే దుమ్ము. ఇంతకన్నా సూటి పద్ధతి ఇంతవరకు రాలేదు.

చిక్కంతా ఆ బరువు దగ్గరే. ఒక పగలూ ఒక రాత్రీ పట్టిన దుమ్ము రెండు మూడు గసగసాలంత తూగుతుంది. వేలు తగిలితే వేలి జిడ్డు తూగుతుంది. గాలిలో తేమ పెరిగితే తేమ తూగుతుంది. అందుకే తూచే ముందు ఫిల్టర్‌ను ఒక రోజు చల్లని గదిలో ఊరికే ఉంచాలి. నా మొదటి పై అధికారి ఆ గది గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతివాడి నుదురూ చూసేవాడు.

"విభూతి తుడుచుకోని రా అప్పా. సామి లోపలికి రాకూడదని కాదు. ఆయన బరువు ఇందులో కలవకూడదు."

ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన మంచి అధికారి కాదు. మధ్యాహ్నం రెండయ్యాక కుర్చీలో ఉండేవాడు కాదు. కానీ ఆ ఒక్క సంగతి నేర్పినందుకు ఆయన జీతం ప్రభుత్వానికి గిట్టిందనే అనుకుంటాను.

మూడు చిన్న డబ్బాలు

తరువాతి కాలంలో అరచేతిలో పట్టే డబ్బాలు వచ్చాయి. లోపల చిన్న ఫ్యాను, ఒక లేజరు వెలుగు. దుమ్ము ఆ వెలుగులో మెరిస్తే, ఆ మెరుపును బట్టి లెక్క కడుతుంది. అంటే అది దుమ్మును తూచదు, చూస్తుంది. చూసి బరువు చెబుతుంది. సంతలో మేకను చూసి ఎన్ని కిలోలో చెప్పేవాళ్ళున్నారు కదా, అలా. వాళ్ళు చాలాసార్లు సరిగ్గానే చెబుతారు. మేక తడిసి ఉన్నప్పుడు మాత్రం తప్పుతుంది.

వేలూరు ఆఫీసు మేడ మీద శాంప్లర్ పక్కన మూడు డబ్బాలు తగిలించి నెలరోజులు పోల్చమన్నారు. మూడూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవించాయి. మా వాళ్ళు సంతోషించారు. మూడూ కలిసి తప్పు చెప్పవచ్చని ఎవరికీ తోచలేదు. ఎండ పొద్దున శాంప్లర్‌కు దగ్గరగా ఉండేవి. మంచు పడిన తెల్లవారుజామున మాత్రం ఊరు తగలబడుతున్నట్టు అంకెలు ఇచ్చేవి. తేమ గాలిలో దుమ్ము నీళ్ళు తాగి ఉబ్బుతుంది, దానికి తోడు నీటి బిందువులే మెరుస్తాయి. డబ్బాకు నీళ్ళకూ దుమ్ముకూ తేడా తెలియదు.

నెల చివర ఒక డబ్బా అంకె పడిపోతూ వచ్చి, సున్నా దగ్గర ఆగింది. వేలూరు గాలి బాగుపడిందని ఒకాయన నివేదిక మొదలుపెట్టాడు కూడా. నేను మూత విప్పి చూశాను. లోపల కందిరీగ మట్టితో గూడు కట్టుకుంది. నివేదిక ఆపేశారు. గూడు తీసేశాక గాలి మళ్ళీ మామూలైంది.

మునెమ్మ బట్టీ

ఇక అసలు సంగతి. గుడియాత్తంలో ఒక వీధి చివర మునెమ్మ అనే ఆవిడకు బొరుగుల బట్టీ ఉండేది. పొద్దున వడ్లు ఉడకబెట్టడం, సాయంకాలం ఊక మంట మీద ఇసుక కాచి బియ్యం వేయించి బొరుగులు చేయడం. మా వైపు ఆయుధ పూజకు బొరుగులు లేని పళ్ళెం ఉండదు. తరువాత కార్తీక దీపానికి బొరుగుల ఉండలు. ఏడాది మొత్తంలో ఆవిడ బతుకు ఈ రెండు పండగల మీద నిలబడి ఉంది.

పక్కింటి మేడ రిటైరైన హెడ్మాస్టరుది. వీధిలో అందరూ ఆయన్ను వాద్యార్ అనేవారు, తమిళంలో పంతులని. ఆయన భార్యకు ఆయాసం. ఆయన ఒక చిన్న డబ్బా కొని మేడ మీద తగిలించాడు. రోజూ పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ అంకె నోటుపుస్తకంలో ఎక్కించి, ఎర్ర సిరాతో గీతలు కొట్టి, మా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. బట్టీ మూయించమని. చెడ్డవాడు కాడు. భార్య దగ్గు గోడ అవతల వినేవాడు ఏం చేస్తాడో అదే చేశాడు.

మా అసిస్టెంట్ ఇంజనీరు దామోదరం సార్ నాట్రంపల్లి మనిషి. ఆఫీసులో తమిళం, కోపం వస్తే తెలుగు. ఆ రోజు తెలుగులో పిలిచారు.

"ఏమప్పా చెంగల్రాయా, ఆ వాద్యార్ కలెక్టరుకు కూడా రాసినాడంట. పండగ సీజన్లోనే కొలవమంటా ఉండాడు. శాంప్లర్ ఎత్తుకోని పో. ఏడు దినాలు పెట్టు. సగటు హద్దు దాటితే మూయమని ఆర్డరు రాస్తా. దాటకపోతే ఆయనకు దండం పెట్టి వస్తాం."

"పండగ దినం కూడా ఏడింట్లోకి వస్తుంది సార్."

"ఒక్క దినం కూడా తప్పకూడదు. తప్పినాదంటే ఆయన ఇంకో ఉత్తరం రాస్తాడు."

వాద్యార్ మేడ మీదే శాంప్లర్ పెట్టాను. ఆయన డబ్బాకు రెండు మూరల దూరం. రోజూ పది గంటలకు పోయి పాత ఫిల్టర్ తీసి కొత్తది పెట్టేవాణ్ణి. మొదటి మూడు ఫిల్టర్లు తూచాక తేడా తెలిసింది. డబ్బా సగటు మా శాంప్లర్‌కు దాదాపు రెట్టింపు.

"మీ మిషన్ పాతది కదప్పా," అన్నాడు వాద్యార్. "కండ్లు కనపడవేమో దానికి."

"దానికి కండ్లు లేవు సార్, తక్కెడ ఉండాది. మీదానికే కండ్లుండేది. పొద్దన ఆరింటికి కింద వడ్లు ఉడుకుతాయి. ఆ ఆవిరి, పైన పడే మంచు, రెండూ దానికి దుమ్ముగానే కనపడతా ఉండాయి."

నమ్మలేదు. నేను వాళ్ళ వంటింట్లోంచే మరిగే నీళ్ళ చెంబు తెప్పించి డబ్బా కింద పట్టాను. అంకె ఎగిరింది. వాద్యార్ అంకె చూసి, "సాయంకాలం చెంబు పట్టేది ఎవరు మరి?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. సాయంత్రం ఆరు గంటల అంకెలకు ఆవిరి కారణం కాదు. అప్పుడు కింద ఊకే మండేది. ఆయన పొద్దుటి లెక్క తప్పు, సాయంకాలపు లెక్క చాలావరకు ఒప్పు. తప్పు యంత్రం ఎప్పుడూ తప్పే చెబుతుందనుకోవద్దు. దానంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఆయుధ పూజ

ఏడో రోజు ఆయుధ పూజ. మా వైపు ఆ రోజు పనిముట్టును వాడరు. కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పెట్టి దండం పెడతారు. దర్జీ కత్తెర ముట్టడు, మా నాయన నాగలి ముట్టేవాడు కాదు. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి శాంప్లర్‌కు ఏ ఏడూ పూజ మానలేదు. ఆ రోజు దాన్ని ఆపి ఉంచేవాణ్ణి. ఈసారి ఆపకూడదన్నారు. పూజ మానడానికి నాకు మనసొప్పలేదు. కాబట్టి రెంటికీ మధ్యస్థంగా, యంత్రం నడుస్తుండగానే పూజ చేశాను.

పది గంటలకు కొత్త ఫిల్టర్ పెట్టి పంపు వేశాను. పెట్టె తుడిచి పసుపూ కుంకుమా పెట్టాను. కింద అరిటాకు మీద బొరుగులు, పుట్నాలు, అరటిపండ్లు. బొరుగులు మునెమ్మ బట్టీవే. వాద్యార్ భార్య ధూపం గరిటెలో నిప్పులు వేసి ఇచ్చి, "నాకు పొగ పడదు నాయనా, నువ్వు కానీయి" అని కిందికి పోయి తలుపు వేసుకుంది. నేను పిడికెడు సాంబ్రాణి వేసి యంత్రం టోపీ చుట్టూ మూడు సార్లు తిప్పాను. పొగ నిండుగా, తెల్లగా, సువాసనగా వచ్చింది. తరువాత గరిటెను యంత్రం కాళ్ళ మధ్య పెట్టి, ఆరేదాకా అక్కడే ఉండనీ అని వదిలేసి వచ్చేశాను.

నుదుటి మీద విభూతితో ఎవరినీ తూకం గదిలోకి రానివ్వని మనిషిని. కుంకుమ లావుగా ఉంటుంది, లోపలికి పోదు అని లెక్క కూడా వేసుకున్నాను. సాంబ్రాణి పొగ ఎంత సన్ననో నేను రెండు పుస్తకాల్లో చదివి ఉన్నాను. చదివింది చదివినట్టే ఉంది, చెయ్యి గరిటె తిప్పింది.

నాలుగు రోజుల తరువాత ఏడో ఫిల్టర్ తూచాం. మిగతా ఆరింటిలో దేనితోనూ పోలిక లేదు. ఆ ఒక్కదానితో ఏడు రోజుల సగటు హద్దు దాటింది. దామోదరం సార్ ఫిల్టర్‌ను వెలుగులో పట్టి చూశారు. చిక్కని పసుపు గోధుమ రంగు.

"పండగ దినం ఎట్లా కాల్చిందో చూడు ఆయమ్మ. ఇంకేం మాట్లాడేదుండాది?" అన్నారు.

నేను కూడా అదే అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది. ఆ క్షణం నాకు సాంబ్రాణి గుర్తే రాలేదు. యంత్రం చెప్పింది, నమ్మాను.

పొయ్యి ఎవరు ముట్టించారు

బట్టీ మూసివేత నోటీసు చేతికిచ్చి సంతకం తీసుకురమ్మని నన్నే పంపారు. మునెమ్మ బట్టీ ముందు ఎండలో బియ్యం ఆరబోస్తోంది. నోటీసు తమిళంలో ఉంది. ఆవిడకు ఏ భాషా చదవడం రాదు. నేను చదివి వినిపించాను. ఫలానా తేదీన పొగ అత్యధికంగా ఉన్నందున, అని వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ తేదీ అంటే ఏ దినమప్పా?"

"ఆయుధ పూజ దినం."

"ఆ దినం నేను పొయ్యే ముట్టించలేదే."

"కాగితం అట్లా చెప్పడం లేదమ్మా."

"కాగితానికేం తెలుసు నాయనా? ముందు దినమే బొరుగులన్నీ అమ్మేసినా. పండగ పొద్దన బాణలి తోమి, బొట్టు పెట్టి, సామి ముందర బోర్లించి పెట్టినా. వీధిలో ఎవరినైనా అడుగు, పో. ఆయుధ పూజ దినం ఎవరైనా పొయ్యి ముట్టిస్తారా? నువ్వు ముట్టిస్తావా?"

నేను ముట్టించాను. అప్పుడు గుర్తుకొచ్చింది.

ఆవిడ నా మొహం చూసి, నేను తన మీద జాలిపడుతున్నానని అనుకుంది. "కార్తీకానికి ఇంకా నెల పైన ఉండాది. అంతలోపల తెరవనిస్తే చాలు. లేదంటే ఈ ఏడాది నేను యాడికి పోయేది?" అంది. నేను సంతకం తీసుకోకుండా లేచి, పక్కింటి మెట్లెక్కాను.

గుర్తుకు రావడం వేరు, రుజువు వేరు. ఫిల్టర్‌కు రోజు మొత్తం మీద ఎంత పట్టిందో తెలుసు, ఏ గంటకు పట్టిందో తెలియదు. సాంబ్రాణి పొగా ఊక పొగా రెండూ కలిసి ఒకే బరువు. గంట గంటకూ, నిమిష నిమిషానికీ తెలిసింది ఒక్కటే, అది నేను మేకల బేరగాడితో పోల్చిన డబ్బా. దాని లెక్కంతా వాద్యార్ ఫోన్లో ఉంటుంది.

"సార్, ఆయుధ పూజ దినం గీత ఒకసారి చూపిస్తారా?"

వాద్యార్ కళ్ళద్దాలు పెట్టుకుని తెరిచాడు. పది గంటలు దాటాక ఒక స్తంభం నిలబడింది, డబ్బా చూపగలిగిన ఆఖరు అంకె దాకా. గంట సేపటికి కూలింది. సాయంత్రం రోజూ లేచే గుట్ట ఆ రోజు లేదు. ఆ స్తంభం తీసేస్తే వారంలోకెల్లా శుభ్రమైన రోజు అదే.

ఆయన గీతను వేలితో తడిమాడు. "పదింటికి ఇక్కడ ఉండింది నువ్వే కదప్పా."

"ఆమా సార్. సాంబ్రాణి వేసింది నేనే."

"రొంబ మంచి పని చేసినావు. ఇది నేను ఇయ్యకపోతే?"

"నా మాట ఒక్కటే ఉంటుంది. ఆఫీసులో అది నిలబడదు."

"ఇస్తే నా అర్జీ పోతుంది." కింద ఆయన భార్య దగ్గింది. ఆయన అటు చూశాడు, ఫోను చూశాడు. "కాపీ కొట్టి పాసైతే మార్కులు కొట్టేసిన వాణ్ణి నేను. ఇప్పుడు నేనే కాపీ కొట్టేదా? తీసుకో. కానీ సాయంత్రం పొగ ఉండాది కదా, అది కూడా రాయి."

రాస్తానన్నాను.

దామోదరం సార్ గీత చూసి తలపట్టుకున్నారు. చెల్లని ఫిల్టర్లకు మా ఫారంలో ఒక గడి ఉంటుంది. కరెంటు పోయింది, ఫిల్టర్ చిరిగింది, యంత్ర లోపం అని మూడు కారణాలు అచ్చు వేసి ఉంటాయి.

"యంత్ర లోపం అని కొట్టు. అయిపోతుంది."

"యంత్రానికి లోపం లేదు సార్. నేను ఇచ్చింది అది తూచింది."

"మరేమని రాస్తావు? సర్కారు కాగితంలో సాంబ్రాణి అని రాస్తావా? నీకూ మెమో, నాకూ మెమో."

"యంత్ర లోపం అని రాస్తే, ముందర తూచిన ఆరు ఫిల్టర్లు కూడా ఎవరూ నమ్మరు సార్. ఆ ఆరే కదా ఆయమ్మకు మిగిలింది."

ఆయన పెన్ను నా వైపు తోశారు. అచ్చు వేసిన మూడు కారణాల కింద, మార్జిన్లో, తమిళంలో రాశాను: పరీక్ష నడుస్తుండగా ఉద్యోగి యంత్రానికి సాంబ్రాణి వేసినందున ఈ ఫిల్టర్ చెల్లదు. కింద సంతకం పెట్టాను. మెమో ఇద్దరికీ వచ్చింది. ఆయన నాతో రెండు నెలలు తెలుగులోనే మాట్లాడారు.

మీకు చెప్పేది

ఏ యంత్రం మంచిది అని కొత్తవాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఎవరికీ నచ్చదు. తూచేది ఎంతో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు. చూసేది ఎప్పుడో చెబుతుంది, ఎంతో సరిగ్గా చెప్పదు. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. రెండూ ఒకే మాట చెప్పిన రోజు సంతోషపడండి, కాదన్న రోజు జాగ్రత్తగా చూడండి, ఏదో నేర్చుకునే రోజు అదే. ఆ పక్కనే, యంత్రం దగ్గర ఆ రోజు ఎవరెవరు ఏం చేశారో కూడా రాసి పెట్టుకోండి, మీతో సహా. నా సర్వీసులో యంత్రాలు చేసిన తప్పులు లెక్కపెట్టగలను. నావి పూర్తిగా లెక్కపెట్టలేను, ఎందుకంటే తెలియనివి ఎన్నో నాకు తెలియదు.

బట్టీ నిర్దోషి కాదు. మరుసటి వారం, చెల్లని ఏడో రోజుకు బదులు ఇంకో రోజు కొలిచాం, బాణలి పొయ్యి మీద ఉండగా, సాంబ్రాణి లేకుండా. సగటు హద్దు లోపలే వచ్చింది, సాయంత్రం గుట్ట మాత్రం ఉంది. అందుకని పొగ గొట్టం వాద్యార్ మేడకన్నా ఎత్తుగా కట్టాలని, కట్టాక తెరవవచ్చని ఉత్తర్వు వచ్చింది. ఆవిడ పొయ్యి ముందు కూర్చునే చోట ఎంత పొగో కొలవమని ఎవరూ అడగలేదు. నేనే ఒకసారి అడిగాను, డబ్బా పెట్టి చూద్దామా అని. "అది చెప్పేది నాకు తెలుసప్పా," అంది. పెట్టనివ్వలేదు.

కార్తీకానికి పది రోజుల ముందు గొట్టం లేచింది. ఉత్తర్వు నకలు తీసుకుని పోయాను. ఆవిడ ఊక గంప పక్కన నిలబడే వింది. ఏడో ఫిల్టర్ ఎందుకు చెల్లదో చదివేటప్పుడు ఆపమంది.

"సాంబ్రాణా? ఎవరు వేసినారు?"

"నేనేనమ్మా."

"ఎంత వేసినావు?"

"పిడికెడు."

"పిడికెడా! ఇంట్లో రెండు పలుకులేస్తే చాలదా? నా బొరుగులే ముందర పెట్టుకోని, నా బట్టీనే మూయించబోతివే నాయనా."

"ఆమా అమ్మా."

నేను తల దించుకుని మిగతాది చదవడం మొదలుపెట్టాను. ఇంకా రెండు పేజీలు ఉన్నాయి. షరతులు, సెక్షన్లు, నకళ్ళు ఎవరెవరికి పంపారో. రెండో షరతు దగ్గర తలెత్తి చూస్తే, ఆవిడ ఊక గంప ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోయి అగ్గిపుల్ల గీస్తోంది.